బండి హ్యాండిల్ మీద ఫోనా, చవక జీపీఎస్ యూనిటా?

ఘట్‌కేసర్_రూట్:
నా వాదన ముందే చెప్పేస్తాను. రోజూ పనికొచ్చే మంచి ఫోన్‌ను బండి హ్యాండిల్‌కి బిగించకూడదు. కార్లలో వాడి పక్కన పడేసిన ఐదంగుళాల జీపీఎస్ యూనిట్లు, అంటే గార్మిన్ నువీ లాంటివో, విండోస్ సీఈ మీద నడిచే చైనావో, సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి. బండికి అవి చాలు.

అన్నిటికంటే ముందు కెమెరా సంగతి. చేతి వణుకును సరిచేసే ఓఐఎస్ ఉన్న కెమెరాలో లెన్సు కదిలేలా అమర్చి ఉంటుంది. ఇంజిన్ వణుకు హ్యాండిల్ గుండా అదేపనిగా తగిలితే ఆ అమరిక దెబ్బతిని ఫోటోలు మసకబారతాయి. పెద్ద ఇంజిన్ల బండ్లకు ఐఫోన్ బిగించవద్దని ఆపిల్ 2021లోనే తన సహాయ పేజీలో రాసింది. స్కూటర్లకైతే కనీసం వణుకు తగ్గించే మౌంట్ వాడమంది. ఇక వాన. ఫోన్ తెర మీద చినుకు పడితే వేలు పడినట్టే, మ్యాప్ దానంతటదే జరిగిపోతుంది. పాత యూనిట్ల తెర చాలావరకు ఒత్తితే పనిచేసే రెసిస్టివ్ రకం. చినుకుకి కదలదు, గ్లవ్స్ తీయకుండానే నొక్కొచ్చు. పైగా అందులో బ్యాంకు యాప్‌లు, ఓటీపీలు ఉండవు. ఎవరైనా లాక్కెళ్లినా పోయేది ఆ డబ్బా ఒక్కటే.

మ్యాప్_మాట:
డబ్బా గురించి మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ మనం కొనేది మ్యాప్ కోసం కదా. హైదరాబాద్‌లో పాత మ్యాప్ అంటే తప్పుదారి అన్నట్టే. దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు. అంతకు ముందటి మ్యాప్ ఉన్న యూనిట్ ఆ వంతెన మీద బండి చెరువులో ఉన్నట్టు చూపించి, వెనక్కి తిరగమంటుంది. బయోడైవర్సిటీ, షేక్‌పేట, శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్లు కూడా ఇటీవలి సంవత్సరాలవే.

ఇంకో చిక్కు ఉంది. అవి కారు యూనిట్లు, బండి గురించి వాటికి తెలియదు. ఘట్‌కేసర్ నుంచి శంషాబాద్ అని కొడితే నేరుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిస్తాయి. ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి టూ వీలర్లను రానివ్వరు, మనకు సర్వీస్ రోడ్డే గతి. సరే, సెట్టింగుల్లో ‘టోల్ రోడ్లు వద్దు’ అని పెడితే ఔటర్ తప్పుతుంది. కానీ విజయవాడ వెళ్లేటప్పుడు పంతంగి, కొర్లపహాడ్ టోల్ ప్లాజాలున్నాయని జాతీయ రహదారినే తప్పించి ఊళ్లమ్మట తిప్పుతుంది. అక్కడ బండికి టోలే లేదు! అందుకే ఊళ్లో ‘టోల్ వద్దు’, హైవే ఎక్కాక ‘టోల్ ఫర్వాలేదు’ అని మార్చుకుంటూ ఉండాలి. గూగుల్ మ్యాప్స్‌లో బండికి వేరే మోడ్ 2017 డిసెంబరు నుంచే ఉంది.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు అక్కడికక్కడే తేదీ చూడండి. జీపీఎస్ వారాల లెక్క 1024కి చేరగానే సున్నాకి తిరుగుతుంది. చివరిసారి అలా తిరిగింది 2019 ఏప్రిల్ 6న. సాఫ్ట్‌వేర్ సరిచేయని పాత యూనిట్లు ఇరవై ఏళ్ల కిందటి తేదీ చూపిస్తాయి, కొన్ని ఉపగ్రహాలను పట్టుకోలేక తంటాలు పడతాయి. ఆరుబయట ఆన్ చేయించి, సరైన తేదీ, టైము వచ్చాకే డబ్బులివ్వండి.

గార్మిన్ అయితే మ్యాప్‌కి ఒక దారి ఉంది. జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే మ్యాప్ నుంచి తయారుచేసిన ఐఎంజీ (గార్మిన్ మ్యాప్ రకం) ఫైలు ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మెమరీ కార్డులో ‘గార్మిన్’ అనే ఫోల్డర్‌లో వేసి, సెట్టింగుల్లో పాత మ్యాప్‌కి టిక్ తీసేసి కొత్తదానికి పెట్టాలి. రెండిటికీ టిక్ ఉంటే దారి లెక్క గందరగోళమవుతుంది. కార్డు ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి ఉండాలి, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇండియా మొత్తం కాకుండా దక్షిణాది ముక్క ఒక్కటే తీసుకుంటే యూనిట్ చురుగ్గా కదులుతుంది. పేరులేని చైనా యూనిట్లకు ఇంత తేలిక దారి లేదు, వాటి జోలికి పోవద్దనే అంటాను.

పన్నెండు_వోల్టులు:
యూనిట్ పెట్టినా ఫోన్ పెట్టినా కరెంటు వచ్చే దారి ఒకటే. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

వీటికి కావాల్సింది 5 వోల్టులు, ఒకటి నుంచి రెండు ఆంపియర్లు. బండిలో ఉన్నది 12. ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 దాకా ఉంటుంది. మధ్యలో కన్వర్టర్ కావాలి. 9 నుంచి 24 వోల్టుల దాకా తట్టుకునేది, ఎపాక్సీ పోసి నీళ్లు చొరకుండా మూసింది తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కారు సిగరెట్ సాకెట్ చార్జర్‌ను విప్పి బండిలో దోపొద్దు. దానికి వాన రక్షణ లేదు, వణుకుకి లోపలి స్ప్రింగు పట్టు వదిలి కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. అలా ఒక్క క్షణం పోయినా ‘విద్యుత్ పోయింది, ఆఫ్ చేయనా’ అని అడిగే యూనిట్లున్నాయి.

కన్వర్టర్‌ను నేరుగా బ్యాటరీకి కలిపి వదిలేయకండి. ఏమీ తగిలించకపోయినా కొన్ని కన్వర్టర్లు 20 మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉంటాయి. రోజుకి 0.48 ఆంపియర్ అవర్ అన్నమాట. 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ నాలుగు రోజుల్లో సగం ఖాళీ. ఊరెళ్లి వారం తర్వాత వస్తే సెల్ఫ్ తిరగదు. తాళం తీస్తే కరెంటు ఆగిపోయేలా ఉండాలి, కాబట్టి నాలుగు పిన్నుల 12 వోల్టుల రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, పెట్టండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజ్ గుండా 30వ పిన్నుకి, 87 నుంచి కన్వర్టర్‌కి, 85 ఎర్త్‌కి (బండి ఫ్రేముకి), 86 తాళం తిప్పితే కరెంటొచ్చే ఏదైనా వైరుకి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య వైరు ఒరుసుకుని ఫ్రేముకి తగిలినప్పుడు కాపాడేది ఏదీ ఉండదు.

వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లది చాలు. జాయింట్లు సోల్డర్ చేయకుండా క్రింప్ చేసి (లోహపు తొడుగు వేసి నొక్కి), పైన హీట్‌ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేయండి. సోల్డర్ చేసిన వైరు బిరుసెక్కుతుంది. సీసం ఆగిన చోట వణుకుకి ఒక్కో పోగూ తెగుతుంది. స్టీరింగ్ దగ్గర వైరు వదులుగా ఉంచి, హ్యాండిల్‌ను ఎడమకీ కుడికీ పూర్తిగా తిప్పి చూశాకే టైలు బిగించండి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. నువీ లాంటి వాటికి మామూలు డేటా కేబుల్ పెడితే కంప్యూటర్‌కి తగిలించారనుకుని కంప్యూటర్ బొమ్మ చూపిస్తుంది, మ్యాప్ రాదు. యూనిట్‌తో వచ్చిన కారు కేబులో, దానికని అమ్మే పవర్ కేబులో వాడాలి. ఆ కారు కేబుల్‌కి చివర 12 వోల్టుల ప్లగ్ ఉంటే దాని కన్వర్టర్ అందులోనే ఉందని అర్థం. కోసి నేరుగా యూనిట్‌కి 12 వోల్టులిస్తే అంతే సంగతులు.

ఉప్పల్_భాయ్:
అన్నా, చిన్న బండ్లకు రిలే ఎందుకు? హారన్ వైరుకెళ్లి లైన్ తీసుకుంటే సరిపోతది కదా, తాళం తీస్తే అదే బందైతది. ఇంకో ముచ్చట. పాత కారు యూనిట్ కొనుడెందుకు? ఇంట్ల పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టుకోవచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మ్‌అండ్ గానీ యాప్ ఏసుకుని తెలంగాణ మ్యాప్ దింపుకుంటే సిమ్ము కూడ అక్కర్లేదు. మ్యాప్ ఎప్పటికప్పుడు వైఫై మీద కొత్తగ చేసుకోవచ్చు. ఓఐఎస్ లేని చవక ఫోనైతే వణుకుతోని కెమెరా పోతదన్న రంది కూడ లేదు. ఘట్‌కేసరన్న చెప్పిన లాభాలు చానా వరకు ఇండ్లనే ఉన్నయి, మ్యాప్ అన్న చెప్పిన నష్టాలు లేవు.

పన్నెండు_వోల్టులు:
ఉప్పల్ భాయ్, ఈ లోడుకి రిలే లేకపోయినా నడుస్తుంది, నిజమే. కానీ హారన్ వైరు ఎంచుకోవడంలోనే చాలామంది పొరబడతారు. కొన్ని బండ్లలో హారన్ బటన్ ఎర్త్‌ను కలుపుతుంది, కొన్నిటిలో పాజిటివ్‌ను. ఎర్త్ కలిపే బండ్లలో హారన్ తగిలించి ఉండగా మీటర్ పెడితే రెండు వైర్లలోనూ 12 వోల్టులు కనపడతాయి, ఎందుకంటే ఒకటి హారన్ కాయిల్ గుండా వస్తోంది. అందుకే రెండు టెర్మినళ్లూ హారన్ నుంచి పీకేసి, తాళం ఆన్ చేసి, బటన్ నొక్కకుండా చూడండి. ఏ వైరులో 12 చూపిస్తే అదే మీకు కావాల్సింది. ఏదీ చూపించకపోతే బటన్ పాజిటివ్‌ను కోస్తోందని అర్థం, ఆ బండిలో హారన్ వైరు పనికిరాదు. అక్కడ కూడా ఫ్యూజ్ పెట్టాల్సిందే. పాత వంద సీసీ బండ్లలో హెడ్‌లైట్ వైరు మాత్రం ముట్టుకోవద్దు. చాలావాటిలో అది ఏసీ కరెంటు, ఇంజిన్ వేగంతో పాటు వోల్టేజీ ఊగుతుంది, కన్వర్టర్ కాలిపోతుంది.

ఎండలో_తెర:
పాత ఫోన్ వాదనలో ఎండను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మే నెలలో మనకు నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీల పైన చార్జ్ చేయకూడదు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండి మీద, నల్లటి ఫోన్, ప్లాస్టిక్ పౌచ్‌లో, చార్జింగ్ అవుతూ, తెర పూర్తి వెలుగులో! వేడెక్కగానే ఫోన్ ముందు వెలుగు తగ్గించుకుంటుంది, తర్వాత చార్జింగ్ ఆపుతుంది, చివరికి ఆగిపోతుంది. పాత బ్యాటరీ అయితే ఉబ్బుతుంది కూడా. వెనక మూత పైకి లేచినట్టు కనిపిస్తే ఆ రోజే బండి మీంచి తీసేయండి.

కారు యూనిట్లు ఇందులో కొంత మెరుగు. వాటి బ్యాటరీ చిన్నది, పనీ తక్కువే. కాకపోతే ఆ తెరలు అద్దాల వెనక నీడలో ఉండటానికి చేసినవి, నడినెత్తిన ఎండ పడితే ఏమీ కనపడదు. మూడు వైపులా రెండంగుళాల నల్లటి గొడుగు కట్టి, మ్యాప్ రంగుల్ని పగటి మోడ్‌లోనే ఉంచితే కొంత నయం. ఇంకోటి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కొనే ముందే అవి పెట్టుకుని తెర చూడండి. కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి.

ఘట్‌కేసర్_రూట్:
ఎండ గురించి చెప్పింది సరైన మాట, గొడుగు లేకుండా ఆ తెర దండగే. పాత ఫోన్ మీద నాకున్న అభ్యంతరం వేరు. సిమ్ లేని ఫోన్‌కి నెట్ నుంచి వచ్చే ఏ-జీపీఎస్ సాయం ఉండదు. ఉపగ్రహాల కక్ష్య వివరాలు ఆకాశం నుంచే దించుకోవాలి. ఆ సందేశం 30 సెకన్లకోసారి తిరిగి వస్తుంది, మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ మొదటి నుంచి. అన్ని ఉపగ్రహాల పట్టిక కావాలంటే 12.5 నిమిషాలు. సెల్లార్ పార్కింగ్‌లో ఆన్ చేసి నేరుగా మెట్రో లైన్ కిందికి పోతే చాలాసేపు చుక్క కదలదు.

మ్యాప్_మాట:
అదే ఇబ్బంది మీ యూనిట్‌కీ ఉంది కదా, దానికైతే సిమ్ పెట్టే చోటే లేదు. పాత ఫోన్‌కి జేబులో ఉన్న మంచి ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇస్తే క్షణాల్లో దారికొస్తుంది, ట్రాఫిక్ కూడా కనపడుతుంది. యూనిట్ వాడేవాళ్లు బండి తీసే ముందు పైన ఏమీ లేని చోట రెండు నిమిషాలు కదలకుండా నిలబెట్టాలి. చవక కన్వర్టర్ల నుంచి వచ్చే రేడియో రొద కూడా సిగ్నల్‌ను మింగేస్తుంది. కన్వర్టర్ తీసేస్తే సిగ్నల్ గీతలు పెరిగాయంటే దోషం దానిదే. దాన్ని సీటు కిందికి మార్చండి.

నగరంలో మాత్రం నా మాట మారదు. షబ్-ఏ-బరాత్ రాత్రి, డిసెంబరు 31 రాత్రి ఫ్లైఓవర్లు మూసేస్తారు. నెట్ లేని డబ్బాకి అది తెలియదు. శ్రీశైలం రోడ్డు వేరు. మన్ననూరు దాటాక అడవిలో చాలాచోట్ల సిగ్నలే ఉండదు, అక్కడ మ్యాప్ లోపలే ఉన్న పరికరం కావాల్సిందే. గూగుల్‌లో ముందే దింపుకున్న మ్యాప్ కూడా పనిచేస్తుంది, ట్రాఫిక్, వేరే దారులు చూపించదంతే. మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుందన్నది మాత్రం ఏ పరికరాన్నీ నమ్ముకోకుండా మీరే గుర్తుంచుకోండి.

చట్టం గురించి కూడా ఒక మాట. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, బండి నడిపేటప్పుడు చేతి ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే, ఏకాగ్రత చెడకుండా వాడొచ్చు. నడుస్తూ అడ్రసు కొట్టడం ఇందులోకి రాదు.

ఎండలో_తెర:
బిగింపు గురించి. యూనిట్‌తో వచ్చే అద్దానికి అతికే కప్పు బండికి పనికిరాదు. మామూలు హ్యాండిల్ పైపు 22 మిల్లీమీటర్లు, దానికి సరిపోయే క్లాంపు, ఒక అంగుళం బాల్ ఉన్న మౌంట్ తీసుకోండి. పైపుకీ క్లాంపుకీ మధ్య పాత ట్యూబ్ ముక్క పెడితే జారదు. చేయి ఎంత పొడుగైతే వణుకు అంత ఎక్కువ, పొట్టి చేయే మంచిది. నట్లకు నైలాక్ రకం (లోపల నైలాన్ వలయం ఉండి వణుకుకి వదులవనివి) వాడండి. మౌంట్ వదిలేసినా కిందపడకుండా యూనిట్‌ను తాడుతో హ్యాండిల్‌కి కట్టాలి.

వానకి జిప్ పౌచ్ వాడేవాళ్లు కేబుల్ రంధ్రం కిందివైపే ఉండేలా చూడండి. కేబుల్ యూనిట్ నుంచి దిగి, ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, నీటిచుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. ప్లగ్‌కి రెండంగుళాల దూరంలో కేబుల్‌ను మౌంట్ చేతికి టై వేస్తే మినీ యూఎస్‌బీ సాకెట్ మీద బరువు పడదు. ఆ సాకెట్ వదులైపోవడమే ఈ యూనిట్లు చచ్చిపోవడానికి పెద్ద కారణం. పౌచ్ లోపల ఆవిరి పడితే సిలికా జెల్ పొట్లం ఒకటి తెర వెనక పెట్టండి, వాన లేని రోజు పౌచ్ అసలు తొడగొద్దు.

ఉప్పల్_భాయ్:
సరే అన్నా, హాట్‌స్పాట్ పెట్టి పాత ఫోన్‌తోనే పోత. బ్యాటరీ ఉబ్బుడు సంగతికి ఒకటి అడుగుత: చార్జింగ్ 80 శాతానికి ఆపే సెట్టింగ్ ఉన్న ఫోన్లల్ల అది ఆన్ జేస్తే సరిపోతదా?

పన్నెండు_వోల్టులు:
అది ఆన్ చేయండి, మేలే. నిండా చార్జ్ అయిన బ్యాటరీయే వేడికి తొందరగా పాడవుతుంది. దాంతోపాటు 2 ఆంపియర్ల కన్వర్టర్ బదులు 1 ఆంపియర్‌ది పెట్టండి. చార్జింగ్ నెమ్మదైతే వేడీ తగ్గుతుంది. ఫాస్ట్ చార్జింగ్ సాకెట్ అసలు వద్దు.