6 లక్షల పొదుపుతో స్థిరాస్తిలో ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న:
నాకు 24 ఏళ్లు. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ 6 లక్షల రూపాయలు కూడబెట్టాను. శంకర్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంటులో ప్రీలాంచ్ ధరకు (అధికారికంగా అమ్మకాలు మొదలుకాకముందు చెప్పే ధరకు) ఫ్లాటు ఇప్పిస్తామనీ, ఇప్పుడు 3 లక్షలు కట్టి మిగతా మొత్తాన్ని మూడు నెలల్లో చెల్లించాలనీ ఒక ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నారు. రెరా నంబరు (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో ప్రాజెక్టు నమోదు సంఖ్య) అడిగితే త్వరలో వస్తుందంటున్నారు. నాన్నగారు మాత్రం ప్లాటు కొనమంటున్నారు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు 1:
నంబరు లేదన్నప్పుడే ఆ బేరం వదిలేయవలసింది. చిన్న ప్రాజెక్టులను మినహాయిస్తే, 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదు కాకుండా ప్రకటనలు ఇవ్వడానికి గానీ, బుకింగులు తీసుకోవడానికి గానీ వీల్లేదు. నమోదైన తరువాత కూడా, అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి. నేను 2019లో ఇవేవీ చూడకుండా మొత్తం సొమ్ము కట్టాను. భూమిలో అవిభక్త వాటా (విడదీసి చూపని ఉమ్మడి భాగం) రాసిన కాగితం ఒక్కటే నా బీరువాలో ఉంది, అక్కడ పునాది కూడా పడలేదు.

జవాబు 2:
మీ నాన్నగారి మాట కొట్టిపారేయదగినది కాదు, అయితే ప్లాటుకూ పరీక్షలున్నాయి. లేఅవుట్‌కు పట్టణ ప్రణాళిక సంస్థలైన హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి ఉందో లేదో చూడండి. "పంచాయతీ అప్రూవల్" అన్న మాటతో సరిపెట్టుకోకండి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) లేదని నిర్ధారించుకుని, 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీసి, లింకు డాక్యుమెంట్లతో (పాత యజమానుల దస్తావేజులతో) వరుసగా సరిపోల్చండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి కాబట్టి, కోర్టు తగాదాలూ నోటి ఒప్పందాలూ ఏమైనా ఉన్నాయేమో పక్క ప్లాటువారిని కూడా అడగాలి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 20 లక్షల ప్లాటుకు లక్షన్నర, అదనంగా చేతిలో ఉండాలి. ఖాళీ స్థలం అద్దె తెచ్చిపెట్టదన్నదీ గుర్తుంచుకోండి.

జవాబు 3:
తొందరపడి భూమే కొనాలన్న నియమం లేదు. స్టాక్ ఎక్స్ఛేంజీలో రీట్ (అద్దె వచ్చే భవనాల్లో చాలామంది కలిసి పెట్టుబడి పెట్టే ట్రస్టు) యూనిట్లు ఒక్కొక్కటిగా కూడా దొరుకుతాయి. మైండ్‌స్పేస్ రీట్‌కు మీరు పనిచేసే మాదాపూర్‌లోనే ఆఫీసు భవనాలున్నాయి. పంచదగిన నగదులో కనీసం 90 శాతాన్ని యూనిట్‌దారులకు ఇవ్వాలన్నది స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. యూనిట్ ధర మాత్రం షేరులాగే పడుతుంది, లేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నంబరు వచ్చాకే ఫోన్ చేయమని ఏజెంటుకు చెప్పాను. నాన్నగారు చూసిన ప్లాటుకు ముందుగా ఈసీ తీయిస్తాను.