అప్‌డేట్: బాలనాగమ్మ చీరకు రంగు కుదిరింది

1942 నాటి జెమినీ వారి 'బాలనాగమ్మ'లోని కథానాయిక కాంచనమాల బొమ్మను డిజిటల్‌గా వేస్తూ, నలుపు తెలుపు చిత్రంలోని చీరకు ఏ రంగు వేయాలని, అసలు ఇంత పాత సినిమా బొమ్మను ఎవరైనా చూస్తారా అని లోగడ అడిగాను. మీరు సూచించినట్లే బొమ్మంతా బూడిద ఛాయల్లో ముగించి, పైన మరో లేయర్‌ను (పొరను) కలర్ మోడ్‌లో, అంటే కింది వెలుగునీడలను అలాగే ఉంచి రంగును మాత్రమే మార్చే పద్ధతిలో పెట్టి రంగు అద్దితే వెలుగునీడలు చెదరలేదు. ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదగా పడగలవు కనుక అసలు రంగు ఫిల్ములో దొరకదు. అందుకని ఇక్కడ పర్లాకిమిడిలో మా పెద్దమ్మ దాచుకున్న బరంపురం పట్టుచీరలోని ముదురెరుపునూ గోపురాల అంచునూ తీసుకున్నాను (సినిమాకు దానితో సంబంధం లేదు, నా ఇష్టమే). చూసినవారు కొద్దిమందే అయినా, ఒక పెద్దాయన అదే సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు గారు వేసిన మాంత్రికుడు మాయల మరాఠీని కూడా గీయమన్నారు. మొదలుపెట్టాను, ఆ మరాఠీకి మాత్రం రంగు వేయను, ఆ చూపుకు నలుపే సరి.