ఏఎన్-12 కూలడం: వాతావరణమా, నిర్ణయమా?

హన్మకొండ_చౌరస్తా: 1968 ఫిబ్రవరి 7న సైనికులతో చండీగఢ్ నుంచి లేహ్‌కు బయల్దేరిన వైమానిక దళ రవాణా విమానం ఏఎన్-12 గురించి నిన్న చాయ్ హోటల్లో పెద్ద లొల్లి. లేహ్ దగ్గరిదాకా వెళ్లాక వాతావరణం బాగోలేదని పైలట్ వెనక్కి తిప్పాడు. రోహ్‌తాంగ్ కనుమ దగ్గర గల్లంతు. అలాంటి రోజున పంపడమే తప్పని నా వాదన.

కాజీపేట_గార్డు: 98 మంది పోయారు కాబట్టి ఎవరినో ఒకరిని తిట్టాలి, అంతేనా? 31 ఏళ్లు గూడ్స్ గార్డుగా చేశాను. పొగమంచులో సిగ్నల్ కనపడకపోతే డ్రైవర్ బండి ఆపేస్తాడు, ఇద్దరం బీడీ కాల్చుకుంటూ కూర్చుంటాం. విమానాన్ని కొండల మీద అలా ఆపుతారా? ఫిబ్రవరిలో ఆ కొండల మీద గంట గంటకూ ఆకాశం మారుతుంది. 1968లో శాటిలైట్ ఫొటో చూసి బయల్దేరే వీలు ఎక్కడిది? వెనక్కి తిప్పడం పిరికితనం కాదు, తెలివి.

ఖిల్లా_తోరణం: 98 కాదు, 102.

కాజీపేట_గార్డు: ప్రయాణికులు 98.

ఖిల్లా_తోరణం: సిబ్బంది నలుగురూ మనుషులు కారా?

కాజీపేట_గార్డు: ప్రయాణికుల లెక్కే చెప్పాను.

ఖిల్లా_తోరణం: ‘98 మంది పోయారు’ అని రాశారు. పైన ఉంది, చదువుకోండి.

మామునూరు_రన్‌వే: మన వరంగల్ ఎయిర్‌పోర్టు 1981లో మూతపడింది. మనం పైలట్లకు పాఠాలు చెబుతున్నాం 😀

హన్మకొండ_చౌరస్తా: అసలు సంగతికి రండి. 2003లో పర్వతారోహకులకు హిమాచల్‌లోని ఢాకా గ్లేసియర్ (మంచునది) మీద శకలాలు కనపడేదాకా జాడే లేదు. 2024లో సైన్యం బృందానికి మరో నాలుగు మృతదేహాలు దొరికాయి. ఒకరిని పేబుక్ (సైనికుడి జీతం లెక్కల పుస్తకం) చూసి గుర్తుపట్టారట. 56 ఏళ్లు మంచులో ఉన్న కాగితం!

జగిత్యాల_చిన్నోడు: వెతికారు, మంచిదే. మా అన్న 2011లో గల్ఫ్‌కు పోయాడు. 2013 దసరాకు ఫోన్‌లో మాట్లాడాడు, అదే ఆఖరు. ఆఫీసుల చుట్టూ తిరిగితే చివరికి ఒకాయన ‘ఏడేళ్లు దాటింది కదమ్మా, కోర్టుకెళ్లి చనిపోయినట్టు రాయించుకో’ అని మా వదినతో అన్నాడు. తల కూడా ఎత్తలేదు.

కాజీపేట_గార్డు: తమ్మీ, దానికీ దీనికీ ఏం సంబంధం? వాళ్లు దేశం కోసం పోయినవాళ్లు.

జగిత్యాల_చిన్నోడు: మా అన్న షికారుకు పోయాడా? మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోయాయి. మీ పెన్షన్ మీకు నెలనెలా వస్తుంది, మీకేం తెలుస్తుంది?

మామునూరు_రన్‌వే: అన్నా, మెల్లగా.

కాజీపేట_గార్డు: నా పెన్షన్ జోలికి రాకు. మా తమ్ముడు లేహ్ మీదుగా డ్యూటీకి పోయేవాడు. దిగానని కబురు వచ్చేదాకా అమ్మ పొయ్యి వెలిగించేది కాదు. ఏమైనా అయితే మావాడిని వెతికి తెస్తారనే ధైర్యం ఒక్కటే ఉండేది. దాన్ని నువ్వు తేలిక చేస్తే నాకు మండుతుంది.

జగిత్యాల_చిన్నోడు: సైన్యాన్ని నేనేమీ అనలేదు. ఆ ధైర్యం మాకు లేదనే అంటున్నా. వదిన ఇప్పటికీ తన పాత నంబరుకు రీచార్జి చేయిస్తుంది. అన్నకు నోటికొచ్చిన నంబరు అదొక్కటే.

కాజీపేట_గార్డు: ఏ దేశం పోయాడు?

జగిత్యాల_చిన్నోడు: ఇక్కడ రాయను. మెసేజ్ పెడతా.

ఖిల్లా_తోరణం: గార్డుగారూ, 102 అని దిద్దలేదు ఇంకా.