దోమల్ని సగానికి తగ్గించినా మలేరియా తగ్గట్లేదు: రాస్ మోడల్‌లో తప్పెక్కడ?

గణితం_జీవం అడిగారు:
రాస్–మెక్‌డొనాల్డ్ మలేరియా మోడల్‌ని పైథాన్‌లో రాశాను. ఉన్నవి రెండే సమీకరణాలు:

ఎక్స్ మార్పు = ఎం·ఏ·బీ·వై·(1 − ఎక్స్) − ఆర్·ఎక్స్
వై మార్పు = ఏ·సీ·ఎక్స్·(ఇ^(−జీ·ఎన్) − వై) − జీ·వై

ఎక్స్ అంటే ఒంట్లో పరాన్నజీవి ఉన్న మనుషుల వాటా, వై అంటే జబ్బు అంటించగల దోమల వాటా. మనిషికి దోమలు ఎం = 10, ఒక దోమ రోజుకు మనుషుల్ని కుట్టేది ఏ = 0.3, కాటుకు అంటుకునే అవకాశాలు బీ = సీ = 0.5, మనిషి కోలుకునే రేటు ఆర్ = 0.01, దోమ చావు రేటు జీ = 0.12, దోమలో పరాన్నజీవి ఎదగడానికి ఎన్ = 10 రోజులు. ఇ అంటే సహజ లాగరిథం ఆధారం, సుమారు 2.718. ఎక్స్ 96 శాతం దగ్గర నిలుస్తోంది. ఎం ని 5 చేసినా 92 శాతం. కోడ్‌లో తప్పుందా?

దోమతెర:
కోడ్ సరిగ్గానే ఉందండి. ముందు ఆర్ నాట్ (జబ్బు లేని ఊళ్లో ఒక్క రోగి నుంచి సగటున ఎంతమందికి అంటుతుందో చెప్పే అంకె; 1 కన్నా తక్కువైతే జబ్బు ఆగిపోతుంది) కట్టి చూడండి:

ఆర్ నాట్ = ఎం·ఏ²·బీ·సీ·ఇ^(−జీ·ఎన్) ÷ (ఆర్·జీ)

మీ అంకెలతో 56.5 వస్తుంది. నిలకడ దగ్గర ఎక్స్ = (ఆర్ నాట్ − 1) ÷ (ఆర్ నాట్ + ఏ·సీ/జీ), అంటే సరిగ్గా మీ 96 శాతం. ఇంత వ్యాప్తిలో చాలా కాట్లు అప్పటికే జబ్బున్నవాళ్ల మీదే పడుతుంటాయి. సగం కాట్లు పోయినా మిగిలినవి చాలు. ఆర్ నాట్ 1 కిందికి రావాలంటే ఎం 0.18 దాటకూడదు. దోమల సంఖ్య ఒక్కటే పట్టుకుని అంత దూరం వెళ్లడం ఎంత కష్టమో మీరే చూడండి.

ఇప్పుడు ఎం ని 10 దగ్గరే ఉంచి, కాట్లు సగం చేయండి (ఏ = 0.15). సూత్రంలో ఏ² ఉంది కాబట్టి ఆర్ నాట్ 14కి దిగుతుంది, ఎక్స్ 89 శాతం. ఏ ని మళ్లీ 0.3కి తెచ్చి దోమ ఆయుష్షు సగం చేయండి (జీ = 0.24). ఆర్ నాట్ 8.5, ఎక్స్ 82 శాతం. జీ సూత్రంలో రెండు చోట్ల ఉంది. పరాన్నజీవి ఎదిగేందుకు కావాల్సిన 10 రోజులు బతికే దోమలు మొదట 30 శాతం, ఆయుష్షు సగమైతే 9 శాతమే. 1950లలో మెక్‌డొనాల్డ్ గట్టిగా చెప్పింది ఇదే. రక్తం తాగిన దోమ గోడ మీద వాలుతుంది కాబట్టి ఇంటి గోడలకు డీడీటీ కొడితే ముందు తెగేది దాని ఆయుష్షే.

ఏజెన్సీ_కీటకం:
నాకు అభ్యంతరం మీ ఏ = 0.3 మీద. మీ మొదటి అంకెలతో కోడ్ నడిపితే వై 16 శాతం వస్తోంది, గమనించారా? దోమల్ని కోసి లాలాజల గ్రంథుల్లో స్పోరోజాయిట్లు (మనిషికి అంటుకునే దశలో ఉన్న పరాన్నజీవులు) వెతికితే, మలేరియా తీవ్రంగా ఉన్న ఆఫ్రికా ఊళ్లలో కూడా సాధారణంగా కొన్ని శాతం దోమల్లోనే దొరుకుతాయి. ఇలా సరిచూసుకోకుండా ఏ మోడల్‌నీ నమ్మకండి.

0.3 అంటే ప్రతి కాటూ మనిషికే పడినట్టు. మన పల్లెల్లో మలేరియా మోసే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ దోమ ఎక్కువగా పశువుల్ని కుడుతుంది. అయిదింట ఒక కాటే మనిషికి అనుకుంటే ఏ = 0.06, ఆర్ నాట్ 2.26, ఎక్స్ 50 శాతం, వై 3.4 శాతం. ఇక్కడ ఎం సగం చేయండి: ఎక్స్ 9 శాతానికి పడుతుంది! మీరు 96 నుంచి 92 చూసిన అదే సగం. కొండ ప్రాంతాల్లో తిరిగే మరో దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్‌లో మాత్రం మనుషుల్నే ఎక్కువగా కుట్టే రకం ఉంది, దానికి ఈ ఏ పనికిరాదు.

గణితం_జీవం:
ఏ = 0.06 పెట్టి, 50 శాతం దగ్గర ఎం సగం చేసి 365 రోజులు నడిపాను. 20 శాతం దగ్గరే ఉంది, 9 రాలేదు.

దోమతెర:
ఇంకా దిగుతూనే ఉందండి. ఆర్ నాట్ 1.13 అయినప్పుడు నిలకడకు చేరడం చాలా నెమ్మది. చివరి దశలో దూరం మూడో వంతుకు తగ్గడానికే దాదాపు 940 రోజులు పడుతుంది. 3,000 రోజులు పైనే నడపండి. ఏడాది చివరి అంకెను నిలకడ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

ఇంకో రెండు జాగ్రత్తలు. క్షేత్రంలో దొరికేది రోజువారీ బతుకు వాటా పీ, అంటే ఒక రోజు గడిచాక బతికి ఉండే దోమల వాటా. దాన్నుంచి జీ = −లాగ్ పీ అని తీయాలి (సహజ లాగరిథం), 1 − పీ కాదు. పీ 0.887 అయితే జీ 0.12. దాని బదులు 0.113 పెడితే, మీ మొదటి అంకెలతో ఆర్ నాట్ 56 నుంచి 64కి పోతుంది. ఇక ఆయుష్షు తగ్గితే ఎం ఉన్నచోటే ఉండదు. రోజూ పుట్టే దోమలు మారకపోతే ఎం = పుట్టుక ÷ జీ. అలా రాస్తే పైన నేను చెప్పిన జీ = 0.24 లెక్కలో ఆర్ నాట్ 8.5 కాదు, 4.25. ఎక్స్ 82 కాదు, 67 శాతం.