మొండి గుర్రం సినిమా: మూడోసారి దూకే సీను నిలబడుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి

పదహారేళ్ల అమ్మాయి, మలక్‌పేట రేసుల నుంచి బయటికొచ్చిన థారోబ్రెడ్ జాతి గుర్రం. దాన్ని షో జంపింగ్ (అడ్డంకుల మీంచి గుర్రాన్ని దూకించే) పోటీకి తయారుచేయడమే కథ. స్క్రిప్టులో కొన్నిచోట్ల సలహా కావాలి.

శిక్షణ ఇలా రాశాం. ముందు విశ్రాంతి. తర్వాత ట్రాట్‌లో (నడకకూ పరుగుకూ మధ్య వేగంలో) దాటేలా నేలమీద కర్రలు, 1.3 మీటర్ల ఎడంలో. ఆపైన 50 సెంటీమీటర్ల క్రాస్ రెయిల్ (X ఆకారంలో పెట్టిన రెండు కర్రల అడ్డంకి), దానికి 2.7 మీటర్ల ముందు నేలమీద ఒక కర్ర పెడితే ఎక్కడ లేవాలో గుర్రానికే తెలుస్తుంది. రేసు గుర్రం కదా, పగ్గం లాగితే కళ్ళేనికి ఆనుకుని ఇంకా ఉరుకుతుంది. అలా అడ్డంకికి మరీ దగ్గరగా వచ్చేసి, లేవడానికి చోటు చాలక ఆగిపోతుంది. అందరూ మొండిదంటారు గానీ, జీను ఇరుకై వీపు నొప్పి పుట్టినా ఇలాగే చేస్తుంది. అందుకే వెటర్నరీ డాక్టర్ సీను ముందే పెట్టాం.

చిక్కల్లా క్లైమాక్సులో. రెండుసార్లు ఆగి మూడోసారి దూకుతుంది. ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య) నిబంధనల్లో మొదటిసారి ఆగితే 4 పెనాల్టీలు, రెండోసారికే ఎలిమినేషన్. స్థానిక చిన్న పోటీల్లో మూడో ప్రయత్నానికి ఒప్పుకుంటారా? లేక ఒక్కసారే ఆగినట్టు మార్చాలా?

ఆరు నెలల్లో 1 మీటరు క్లాసు (మీటరు ఎత్తు అడ్డంకుల పోటీ) అంటే చూసేవాళ్ళు నమ్ముతారా?

ఇంకోటి: టేకుల కోసం పదేపదే ఆపితే గుర్రానికి ఆగడమే అలవాటవుతుంది. దూకే గుర్రాన్ని పాడుచేయకుండా ఆ షాట్ ఎలా తీయాలి?