బేసిక్ లైసెన్సు సరిపోతుందా, అడ్వాన్స్‌డ్‌కు మారాలా?

గుస్సెట్‌ప్లేటు: మా కార్యాలయంలో స్టాడ్ ప్రో (నిర్మాణాల బలాలు లెక్కించే సాఫ్ట్‌వేరు) బేసిక్ లైసెన్సు ఉంది. ఇంతకాలం ఉక్కు షెడ్లు చేశాము, ఇకపై షియర్ వాల్స్ (గాలి, భూకంపాల పక్క బలాలను తట్టుకునే గోడలు) ఉన్న ఎత్తైన భవనాలు కూడా చేయవలసి వస్తోంది. షెడ్లలో ఎక్స్ బ్రేసింగుకు (ఎక్స్ ఆకారంలో ఏటవాలుగా కట్టే బిగింపుకు) సన్నని రాడ్లు వాడతాము కనుక వాటిని టెన్షన్ ఓన్లీ మెంబర్లుగా (లాగే బలాన్ని మాత్రమే మోసేవిగా) ఇస్తాము. అడ్వాన్స్‌డ్‌కు మారితే వేగం, బక్లింగ్ (నొక్కుడుకు వంగిపోవడం) విశ్లేషణ, పుషోవర్ (భవనాన్ని పక్కకు క్రమంగా నెడుతూ ఎక్కడ దెబ్బతింటుందో చూసే విశ్లేషణ) ఈ మూడింటిలో నిజంగా అక్కరకు వచ్చేది ఏదో వాడినవారు చెప్పగలరు.

షియర్‌వాల్: ఆలోచించకుండా తీసుకోండి. గోడలన్నీ మెష్ చేసిన (చిన్న ప్లేట్లుగా విడగొట్టిన) మోడల్‌ను పాత సాల్వరుకు (సమీకరణాలు సాధించే భాగానికి) అప్పగించి ఇంటికి వెళ్తే, మర్నాటికి కూడా అది నడుస్తూనే ఉండేది. అదే మోడల్‌ను అడ్వాన్స్‌డ్‌లోని కొత్త సాల్వరు నేను కుర్చీలోంచి లేవకముందే ముగించింది.

పునాదిరాయి: వేగానికి డబ్బు పెట్టే ముందు మెష్ చూసుకోండి. ప్లేటు కొలతను రెండు వైపులా సగం చేస్తే నోడ్లు (ప్లేట్లు కలిసే బిందువులు) దాదాపు 4 రెట్లవుతాయి; గోడ మొత్తంలో షియర్, మొమెంటు తెలియడానికి అంత సన్నని మెష్ అక్కర్లేదు. అది అలా ఉంచండి. గుస్సెట్‌ప్లేటు గారూ, టెన్షన్ ఓన్లీ మెంబర్లున్న మోడల్‌లో కాంబినేషన్లు (వేర్వేరు భారాల కలయికలు) ఎలా ఇస్తున్నారు?

గుస్సెట్‌ప్లేటు: లోడ్ కాంబినేషన్ కమాండుతోనే ఇస్తున్నాము. అందరూ అలాగే ఇస్తారు కదా?

పునాదిరాయి: అలా ఇవ్వకూడదు. గాలి ఒక వైపు నుంచి వీచిన కేసులో ఒక రాడ్డు కంప్రెషన్‌లోకి (నొక్కుడులోకి) వెళ్ళి లెక్క నుంచి తప్పుకుంటుంది, డెడ్ లోడ్ (నిర్మాణపు సొంత బరువు) కేసులో అదే రాడ్డు పని చేస్తూ ఉండవచ్చు. అంటే ఆ రెండు కేసులూ రెండు వేర్వేరు నిర్మాణాలకు వచ్చిన ఫలితాలు, వాటిని గుణకాలతో హెచ్చించి కూడితే వచ్చే బలం ఏ నిర్మాణానికీ చెందదు. రిపీట్ లోడ్ అనే కమాండు వాడితే ముందు భారాలను కలిపి, ఆ తరువాత విశ్లేషణ చేస్తుంది. పి-డెల్టాకు (పక్కకు ఒరిగిన స్తంభాలపై బరువు వల్ల పెరిగే అదనపు ప్రభావానికి) కూడా ఇదే నియమం. ఇదంతా బేసిక్‌లోనే ఉంది.

దూలంమాస్టారు: ఈ రంగంలో తల నెరిసినవాడిని, వందల షెడ్లు నా చేతి మీదుగా వెళ్ళాయి. గాలి కేసే నిర్ణయిస్తుంది, డెడ్ లోడ్ వల్ల రాడ్డులో వచ్చేది నామమాత్రం. పిల్లలను ఇలా బెదిరించకండి.

పునాదిరాయి: మాస్టారూ, షెడ్డు తేలికైనది కనుక మీకు తేడా కనిపించలేదు. ఆ బ్రేసింగు పక్కనే క్రేన్ గర్డరు ఉన్న స్తంభాలు పెట్టి చూడండి. అనుభవం ఉందని సూపర్‌పొజిషన్ (విడివిడి ఫలితాలను ఎప్పుడు కూడవచ్చో చెప్పే) సూత్రం మారదు.

దూలంమాస్టారు: సూత్రాలు నాకు నేర్పనవసరం లేదు. మీరు కట్టినవి ఎన్ని నిలబడ్డాయో చెప్పండి.

నిర్వాహకుడు: ఇద్దరూ విషయం మీదే మాట్లాడండి.

లంబకోణం: పి-డెల్టా విషయంలో ఒక మాట. సాప్ 2000, ఈట్యాబ్స్ అనే మరో రెండు సాఫ్ట్‌వేర్లలో గురుత్వ భారాలతో ఒకసారి పి-డెల్టా చేసి, తగ్గిన ఆ దృఢత్వాన్నే మోడల్ (కంపన రీతుల) విశ్లేషణకూ మిగతా లీనియర్ (భారం, ఫలితం ఒకే నిష్పత్తిలో పెరిగే) కేసులకూ వాడుకోవచ్చు, కనుక కాంబినేషన్లు నిరభ్యంతరంగా కూడవచ్చు. యూరోకోడ్ 8 (ఐరోపా భూకంప నిర్మాణ నియమావళి) ప్రకారం తీటా (పి-డెల్టా ప్రభావం ఎంతో చెప్పే గుణకం) 0.1 దాటకపోతే పి-డెల్టాను వదిలేయవచ్చు, 0.3 దాటితే ఆ నిర్మాణమే పనికిరాదు. యూరోకోడ్ 3లో (ఉక్కు నిర్మాణాల నియమావళి) ఎలాస్టిక్ విశ్లేషణలో పి-డెల్టాను వదిలేయాలంటే ఆల్ఫా సీఆర్ (బక్లింగ్ రావడానికి భారాన్ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే సంఖ్య) కనీసం 10 ఉండాలన్నదీ దాదాపు ఇదే హద్దు. బక్లింగ్ మాడ్యూలు కొనాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఇందులోనే ఉంది: మామూలు ఫ్రేములకు పి-డెల్టా, ఎఫెక్టివ్ లెంగ్తు (బక్లింగ్‌కు లెక్కలోకి తీసుకునే స్తంభపు పొడవు) చాలు, పలుచని డోములు, ఆర్చీలు చేసేవారికే అది తప్పనిసరి.

బిల్లుబాధితుడు: ఇవన్నీ సరే, లైసెన్సు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఒక సంస్థ సాఫ్ట్‌వేరులో ఎవరో అడ్వాన్స్‌డ్ పెట్టెకు టిక్కు పెట్టి వదిలేసినందుకు, మేము వాడని సౌకర్యానికి కూడా బిల్లు వచ్చింది. ఆ టిక్కు ఎక్కడుందో ముందు వెతకండి.

షియర్‌వాల్: మాకు అలాంటిదేమీ రాలేదు. మా పుషోవర్ ఫలితాలు చూసి సమీక్షకులే మెచ్చుకున్నారు.

లంబకోణం: పుషోవర్‌కు ప్రతి దూలంలో, స్తంభంలో ఎంత ఇనుము వేశారో తెలియాలి, లేకపోతే ప్లాస్టిక్ హింజ్ (దూలం, స్తంభం వంగి లొంగిపోయే చోటు) లక్షణాలు ఊహాగానమే. ఉన్న భవనం బలాన్ని అంచనా వేయడానికి అది బాగా పనికివస్తుంది, కొత్త భవనం రూపకల్పనలో చాలామంది దాన్ని నివేదికకు అలంకారంగానే వాడుతున్నారు.

గుస్సెట్‌ప్లేటు: రిపీట్ లోడ్‌కు మార్చి చూశాను. క్రేన్ ఉన్న షెడ్డులో రెండు రాడ్ల బలం పెరిగింది, మిగతావి కదలలేదు. అయితే రెస్పాన్స్ స్పెక్ట్రం (భూకంపానికి వచ్చే గరిష్ఠ స్పందనను లెక్కించే) కేసును రిపీట్ లోడ్‌లో పెట్టనివ్వడం లేదు. దీనికి అడ్వాన్స్‌డ్ కావాలా?

దూలంమాస్టారు: రెండేనా! నేను అన్నది అదే.

పునాదిరాయి: అడ్వాన్స్‌డ్ కొన్నా స్పెక్ట్రం పద్ధతి లీనియరే. ఫలితాలను వర్గం చేసి కూడి వర్గమూలం తీస్తారు కనుక ప్లస్, మైనస్ గుర్తు పోతుంది, ఏ రాడ్డు టెన్షన్‌లో ఉందో దానికి తెలియదు. ఆ కేసు కోసం విడిగా ఒక మోడల్ తీసుకుని, ఎక్స్‌లోని రెండు రాడ్లనూ సగం వైశాల్యంతో మామూలు ట్రస్ మెంబర్లుగా (లాగుడు, నొక్కుడు రెండూ మోసేవిగా) ఇవ్వండి, వచ్చిన బలాన్ని రెట్టింపు చేసి పూర్తి వైశాల్యపు రాడ్డుకు డిజైను చేయండి. స్తంభాల్లో, పునాదుల్లో వచ్చే బలాలను మాత్రం ఒక్క రాడ్డే పనిచేస్తోందన్న లెక్కతో చేత్తో సరిచూడండి, ఎందుకంటే సగం సగం మోడల్ వాటిని తక్కువ చేసి చూపవచ్చు.