17 ఏళ్ల స్పెక్ట్రోఫోటోమీటర్: బాగు చేయించాలా, కండెమ్ చేయాలా?

నారాయణగూడ ల్యాబ్:
అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో 14 ఏళ్లుగా అసిస్టెంట్‌గా చేస్తున్నాను. నేను చేరకముందే కొన్న డబుల్ బీమ్ యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది, ద్రావణం వెలుగుని ఎంత పీల్చుకుంటుందో కొలిచేది. వయసు 17 ఏళ్లు. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు దాని మీద చేయి తిప్పుకున్నారో లెక్క లేదు.

వానలు మొదలైనప్పటి నుంచి తేడా చేస్తోంది. పర్మాంగనేట్ పెడితే 525 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర రీడింగ్ కదలకుండా నిలబడుతుంది. అదే పారాసిటమాల్ పెట్టి 243కి తెస్తే ఒకే క్యువెట్‌కి (ద్రావణం పోసే చిన్న గాజు గొట్టం) 0.41, 0.46, 0.39. సర్వీసుకి వచ్చినాయన మూత కూడా తీయకుండానే బోర్డు పోయిందన్నాడు, లక్షా పదివేలు చెప్పాడు. కొత్తదైతే నాలుగు లక్షల పైమాటే.

ప్రిన్సిపాల్ గారు "కండెమ్ లిస్టులో రాసేయమ్మా, ఆ పాత సెంట్రిఫ్యూజ్ కూడా కలిపి" అన్నారు. సెంట్రిఫ్యూజ్ (ట్యూబుల్ని వేగంగా తిప్పి ద్రావణాల్ని వేరు చేసేది) తిరుగుతోంది కానీ ఈ మధ్య హోరు ఎక్కువైంది. స్పెక్ట్రో పోతే కొత్తది ఎప్పుడొస్తుందో తెలియదు. ఫైనల్ ఇయర్ పిల్లలకి రెండు నెలల్లో ప్రాక్టికల్స్. అదే నా టెన్షన్.

జీడిమెట్ల క్యూసీ:
మేడం, ఇంకా ఏ లిస్టులోనూ రాయకండి. బోర్డే పోతే 525 దగ్గర కూడా ఊగాలి కదా! అక్కడ వెలుగు టంగ్‌స్టన్ దీపానిది, 243 దగ్గర డ్యూటీరియం దీపానిది. దీని ఆయుష్షు మామూలుగా వెయ్యి, రెండు వేల గంటలు. మెనూలో ల్యాంప్ అవర్స్, అంటే దీపం ఎన్ని గంటలు వెలిగిందో చూడండి.

దీపం మారిస్తే గ్లౌజులు వేసుకోండి. వేలిముద్ర పడితే ఆ వేడికి గాజు మీదే కాలి మచ్చవుతుంది. వెలుగుతున్న దీపం వైపు నేరుగా చూడొద్దు. లోపలి అద్దాలు మసగ్గా కనిపించినా గుడ్డతో తుడవొద్దు, అల్యూమినియం పూత గీతలు పడి లేచిపోతుంది.

తర్వాత అరగంట వేడెక్కనిచ్చి రెండు పరీక్షలు చేయండి. తరంగదైర్ఘ్యం సరిగ్గా చూపిస్తోందో లేదో తెలియడానికి హోల్మియం ఫిల్టర్ పెడితే 361, 536 దగ్గర శిఖరాలు రావాలి. దారితప్పిన వెలుగు లోపల కలుస్తోందేమో తెలియడానికి 1.2 శాతం పొటాషియం క్లోరైడ్ ద్రావణాన్ని నీటితో పోల్చి 198 దగ్గర చూస్తే అబ్సార్బెన్స్ (వెలుగు పీల్చుకున్న కొలత) 2 దాటాలి. కొత్త దీపంతో కూడా దాటకపోతే లోపల అద్దాలో, వెలుగుని రంగులుగా విడదీసే గ్రేటింగో దెబ్బతిన్నట్టే. అప్పుడిక దాని మీద రూపాయి పెట్టొద్దు.

ఉప్పల్ బయో:
అక్కా, స్పెక్ట్రో సంగతి అన్న చెప్పారు. సెంట్రిఫ్యూజ్ ప్లగ్ మాత్రం ఈరోజే పీకేయండి. 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో నిమిషానికి 4000 చుట్లు తిరిగేటప్పుడు 10 గ్రాముల ట్యూబు దాదాపు 27 కిలోల బరువుతో రోటర్‌ని (ట్యూబులు పట్టుకుని తిరిగే భాగం) లాగుతుంది. అంటే ఒక్కో గుంటలో ఒక్కో బియ్యం బస్తా. స్పెక్ట్రో చెడితే రీడింగ్ తప్పుతుంది, రోటర్ పగిలితే పక్కన నిలబడ్డ పిల్లలకి తగులుతుంది. ట్యూబులు దిగే గుంటల అడుగున టార్చి వేసి చూడండి. ఉప్పు ద్రావణాలు ఒలికితే అల్యూమినియం అక్కడే తింటుంది.

కండెమ్ చేశాక పాత సామాను కొట్టుకి ఇవ్వకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో ల్యాబ్ పరికరాలు కూడా ఉన్నాయి. రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇచ్చి, రసీదు స్టాక్ రిజిస్టర్‌లో అంటించండి.

నారాయణగూడ ల్యాబ్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ల్యాంప్ అవర్స్ 2,340! శాంపిల్ అరలో తేమ పీల్చడానికి పెట్టే, నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ పూర్తిగా గులాబీ రంగుకి తిరిగింది, అది కూడా మార్చాను. దీపానికి 28 వేలయింది. నిన్న పారాసిటమాల్ మూడుసార్లు పెట్టాను: 0.43, 0.43, 0.43. హోల్మియం శిఖరాలు సరిగ్గానే వచ్చాయి, పొటాషియం క్లోరైడ్ 2.3 చూపించింది. ఆ కాగితాలు చూపిస్తే ప్రిన్సిపాల్ గారు ఇంకేం అనలేదు.

రోటర్‌లో టార్చి వేస్తే రెండు గుంటల అడుగున తెల్లటి పొడి. పుల్లతో గీకితే కింద ఆవగింజంత లోతుగా తినేసి ఉంది. పోయిన వారం కూడా పిల్లలు దాని పక్కనే నిలబడి రాసుకున్నారు. ప్లగ్ వైరు చుట్టి, "వాడరాదు" అని రాసి అంటించాను. కండెమ్ లిస్టులో ఆ ఒక్కటే రాశాను.